ఇసుకకు రసీదు కలదు, నీటికి రసీదు ఏది?

పెన్న ఒడ్డునున్న యొక గ్రామమువారి వ్యాజ్యమునకు సంబంధించిన కాగితములు కొంతకాలము క్రిందట మా చేతికి వచ్చినవి. అది ఇసుకరేవు పట్టాకు సంబంధించిన ఫైలు. ఎన్ని హెక్టార్ల ఏటిగర్భమును పట్టాకు ఇచ్చిరో, ఎన్ని టన్నుల ఇసుక తీయవచ్చునో, టన్నుకు సీనరేజి యెంతో, లారీలు ఏ దారిని పోవలెనో, సాయంకాలము ఏ గంటకు పని నిలుపవలెనో అన్నియు అందులో వ్రాసియున్నవి. ముద్రలున్నవి, సంతకములున్నవి. కాని ఆ యిసుకతోపాటు గ్రామమునకు ఎంత నీరు నష్టమగునో, నష్టమైన నీటిని ఎవరు, ఎప్పుడు, ఎచ్చట మరల నింపవలెనో తెలుపు వాక్యము ఒక్కటియు మాకు కానరాలేదు. ఆ ఫైలును గ్రామమున చదివి వినిపించినపుడు అరుగుమీద కూర్చుండియున్న ముసలి రైతొకడు మమ్ము అడిగిన ప్రశ్న యిది: “ఇసకకు రసీదు కొట్టినారు సామీ. మా నీళ్లకు రసీదు ఎవరిస్తారు?”

ఇరువది యేండ్లుగా న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఆ ప్రశ్నకు ఆనాడు జవాబు తోచలేదు. ఆలోచించినకొలది అది ఒక్క గ్రామపు ప్రశ్న కాదనియు, తెలుగుదేశమున ఇసుకమీద నడచిన వాదోపవాదములన్నిటిలోను ఎవ్వరును అడుగక విడిచిన ప్రశ్న యనియు మాకు తెలియవచ్చినది. ఇసుక ధర యెంత, అమ్మువారెవరు, లాభమెవరికి, దొంగరవాణా ఎవరిది యను విషయములపై శాసనసభలలోను సభావేదికలమీదను కావలసినంత చర్చ జరిగినది. ఆంధ్రప్రదేశమున 2016లో ఇసుక ఉచితమనిరి. 2019లో ప్రభుత్వసంస్థ చేతికిచ్చిరి. 2021లో ప్రైవేటు కంపెనీకి అప్పగించిరి. 2024లో మరల ఉచితమనిరి. ఇన్ని విధానములు మారినను అన్నిటిలోను ఇసుక అమ్ముడుపోవు సరకుగానే యుండెను. ఏ విధానమునందును అది నీటిని దాచు పాత్రగా లెక్కకు రాలేదు.

పట్టణములలో నివసించు మనకు ఇసుక యనగా ఇల్లు కట్టు సామగ్రి. ఏటియొడ్డువారికి అది నీటిని దాచు గాదె. ఎండాకాలమున ఏరు పైకి పూర్తిగా ఎండియున్నట్లు కనబడును. కాని స్త్రీలు ఆ యిసుకలో మూరెడు రెండు మూరలు చెలమ తీసినచో తేటనీరు ఊరును. తరతరములుగా రాయలసీమ గ్రామములు వేసవిని గడపినది ఈ చెలమలతోనే. పెన్న, చిత్రావతి, పాపాగ్ని, స్వర్ణముఖి మొదలగు నదుల వెంబడి ఇసుకలోని ఊటను పొలములకు మరల్చు ఊటకాలువలను పెద్దలు త్రవ్వుకొనిరి. అనంతపురము ప్రాంతమున వీనికే తలపరిగెలని పేరు. నెల్లూరు మొదలగు సముద్రతీర ప్రాంతములలో ఇసుకనేలలందు దొరువులు త్రవ్వి కడవలతో నీరు ముంచి తోటలు పెంచిరి. ఇటీవలి కాలమున ఫిల్టరు పాయింట్లు వచ్చినవి. సాధనములు మారినవి గాని అన్నిటికిని ఆధారము ఇసుకలో దాగిన నీరే.

ఈ గాదెలో ఎంత నీరు పట్టునో చదువరులే లెక్కవేసి చూడవచ్చును. భూగర్భజలములను అంచనా కట్టుటకు మన దేశమున వాడుకలోనున్న పద్ధతి ప్రకారము ఇసుకమేటలలో నూరు ఘనమీటర్లకు సుమారు 16 ఘనమీటర్ల నీరు మనకు దక్కును. ఏటిలో ఒక కిలోమీటరు పొడవున, 200 మీటర్ల వెడల్పున, రెండు మీటర్ల లోతున ఇసుక తీసిరనుకొందము. తీసిన ఇసుక 4 లక్షల ఘనమీటర్లు. అందులో నిలువయుండు నీరు 64 వేల ఘనమీటర్లు, అనగా 6 కోట్ల 40 లక్షల లీటర్లు. 2019లో ప్రారంభమైన జలజీవన పథకము గ్రామములలో తలకు దినమునకు 55 లీటర్లని నిర్ణయించినది. ఆ లెక్కను ఈ నీరు 3 వేలమందికి పైగా జనులకు ఏడాది పొడవునకు సరిపోవును. ఇది ఒక్కసారి పోవు నష్టము కాదు. ఏరు వచ్చిన ప్రతి యేడును ఆ యిసుక మరల నీటితో నిండెడిది. ఇసుక పోయినది గావున అది తిరిగి చేరువరకు ఏటేట ఆ నిలువ లేకుండ పోవును. కడవను ఎత్తుకొనిపోయినవాడు ఆనాటి కడవెడు నీళ్లకు మాత్రము జవాబు చెప్పిన చాలునా?

ఇంకొక సంగతి కూడ గమనింపదగియున్నది. రాయలసీమలోను తెలంగాణములోను నదిని విడిచి ఇవతలకు వచ్చినచో క్రింద నున్నది గట్టిరాతి నేల. శిథిలమైన గ్రానైటు నేలలకు పై పద్ధతియందు నూటికి ఒకటిన్నర మొదలు మూడు పాళ్లు మాత్రమే నీటినిలువ కట్టుదురు. అనగా ఏటియిసుకలో ఒక ఘనమీటరు దాచు నీటిని ఊరిపొలములో దాచవలెనన్న అయిదు మొదలు పది ఘనమీటర్ల నేల వలయును. ప్రకృతి మనకిచ్చిన నేలలో మిక్కిలి ఉత్తమమైన నీటిపాత్ర ఏదో దానినే మనము బండ్లకెత్తి పంపుచున్నాము.

ఇందులకు గుత్తదారుల పక్షమున చెప్పు వాదమొకటి కలదు. న్యాయస్థానమున మా యెదుటనే ఒక విద్వాంసుడు దానిని చక్కగా వినిపించెను. “ఇసుక తీసిన గుంతలో నీరు నిలువదా? ఇసుకలో నూటికి 16 పాళ్లే పట్టిన చోట ఖాళీ గుంతలో నూటికి నూరు పాళ్లు పట్టును. కావున మేము ఊరికి చెరువు త్రవ్వి యిచ్చుచున్నాము” అని ఆయన వాదము. వినుటకు ఇంపుగానే యున్నది. దీనికి సమాధానము చెప్పక తప్పదు.

ఇసుకలోని నీటికి ఎండదెబ్బ తగులదు. నీటిమట్టము ఇసుకపైభాగమునకు రెండడుగుల క్రిందికి దిగిన తరువాత ఆవిరి యగుట దాదాపు ఆగిపోవును. అందుచేతనే చైత్ర వైశాఖములలో సయితము చెలమలో నీరు దొరకుచుండెను. తెరచిన గుంతలోని నీటి గతి అట్టిది కాదు. అనంతపురపు ఎండలలో తెరచియున్న నీరు ఏటికి ఒకటిన్నర మీటరుకు తక్కువ కాకుండ ఆవిరియై పోవును. అక్కడ కురియు వాన ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఏడాది పొడవున నీరు నిలిచిన ఒక హెక్టారు గుంతలో వానవలన చేరినది పోగా నికరముగా 95 లక్షల లీటర్లు గాలిలో కలిసిపోవును. ఆ నీరు ఎక్కడినుండి వచ్చినది? చుట్టునున్న బావులనుండియే ఊరి వచ్చినది. కావున అది ఊరికి త్రవ్వియిచ్చిన చెరువు కాదు; ఊరిబావుల నీటిని ఎండకు ఆరబోయు కళ్లము.

అంతటితో సరికాదు. ఏటిగర్భము రెండు మూడు మీటర్లు క్రుంగినచో ఇరుప్రక్కల గట్టుల క్రిందనున్న నీరు ఆ పల్లమునకు దిగిపోవును. నూరేండ్లుగా పది మీటర్ల లోతున నీరిచ్చిన బావి ఎండి, దాని ప్రక్కన బోరు దింపవలసివచ్చును. బోరు దింపలేని పేదరైతు ప్రక్కపొలమువానికి కూలికి పోవును. గుంతల అడుగున వండ్రుమట్టి పేరుకొని నీరు లోనికి ఇంకుట మందగించును. వరద వచ్చినపుడు ఇసుకలో నింపాదిగా ఇంకవలసిన నీరు త్రవ్విన కాలువవలె పరుగెత్తి సముద్రమున కలియును. ఏటికి ఎగువన ఆనకట్టలు లేని కాలమున వరద ఇసుకను తెచ్చి గుంతలను పూడ్చెడిది. ఇప్పుడు పెన్నమీద సోమశిల మొదలగు జలాశయములు నీటితోపాటు ఇసుకను సయితము ఆపుచున్నవి. పాపాగ్ని, చిత్రావతుల వంటి యేళ్లలో నిండువరద ఏటేట వచ్చునన్న నమ్మకము లేదు. “ఏరే తెచ్చును, ఏరే పూడ్చును” అను ధైర్యము నేడు చెల్లదు.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో విచారింతము. ఇసుకను 1957 నాటి గనులు, ఖనిజముల చట్టము చిన్నతరహా ఖనిజముగా పరిగణించి దాని పట్టాల నిబంధనలను రాష్ట్రములకు విడిచినది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ శాసనసభ నీరు, భూమి, వృక్షముల రక్షణకై చేసిన వాల్టా చట్టము భూగర్భజలములకు హాని కలుగుచోట ఇసుకత్రవ్వకమును నిరోధించు అధికారమును ఇచ్చినది. 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు 5 హెక్టార్లకు లోబడిన చిన్న పట్టాలకు సయితము పర్యావరణానుమతి యుండవలెనని శాసించినది. కేంద్రప్రభుత్వము 2016లోను, మరల 2020లోను ఇసుకత్రవ్వకముపై మార్గదర్శకములను ప్రకటించినది. తీసిన ఇసుక వరదలవలన ఎంత తిరిగి చేరుచున్నదో కొలిచి, దానిని బట్టియే తీయుటకు అనుమతి యీయవలెనని వానిలో చెప్పిరి.

ఇవన్నియు మంచివే. వీనిని సాధించుటకు పాటుపడినవారికి దేశము ఋణపడియున్నది. అయినను వీని స్వభావమును గమనింపుడు. “ఇంతకు మించి త్రవ్వకుము, నీటిమట్టమును తాకకుము” అని ఇవి నిషేధించును. నిషేధమును మీరినపుడు జరిమానా విధించును. ఇసుక తిరిగి చేరుటను కొలుచును. కాని పోయిన నీటిని లీటర్లలో లెక్కకట్టి, అదే గ్రామమున, అదే నేలలో తిరిగి నింపుట పట్టాదారుని విధియని పట్టాలో వ్రాయించు ఆచారము మనకు ఏర్పడలేదు. నియమములను పాటించి త్రవ్వినవాని వలన కలుగు నష్టమునకు ఈ పద్ధతిలో జవాబుదారియే లేడు. జరిమానా రూపాయలు ఖజానాకు పోవును. ఆ రూపాయలు బావిలో ఊరవు.

ఈ కోరిక గొంతెమ్మకోరిక యని కొందరు అనవచ్చును. కాదనుటకు ఒక దృష్టాంతము చూపెదము. అమెరికా సంయుక్తరాష్ట్రములలో కొలరాడో యను రాష్ట్రము కలదు. అదియు నీటికి కరవైన ప్రదేశమే. సౌత్ ప్లాట్ మొదలగు నదుల వెంబడి అచ్చట ఇసుకను, కంకరను విస్తారముగా త్రవ్వుదురు. భూగర్భజలమును బయటపెట్టిన కంకరగుంత చట్టము దృష్టిలో బావియే యని 1988లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. బావి యైనచో దానికి అనుమతి వలయును. దానివలన ఇతరుల నీటిహక్కులకు కలుగు నష్టమును పూరింపవలయును. మరుసటి సంవత్సరమే అక్కడి శాసనసభ ఈ విషయమై చట్టము చేసినది. 1981కి పూర్వమే నీరు బయటపడిన పాతగుంతలకు మినహాయింపునిచ్చి, అటుతరువాతి గుంతలలో ఆవిరియగు నీటికి బదులునీరు ఈయవలసినదని విధించినది.

ఆ యేర్పాటు నడచు విధమును మన న్యాయవాదులును ఇంజనీర్లును శ్రద్ధగా చదువదగును. కంకర త్రవ్వువాడు ముందుగా లెక్క యొప్పగింపవలెను. గుంతపైనుండి ఆవిరియై పోవునదెంత? కంకరను కడుగుటకును, దుమ్ము అణచుటకును పట్టునదెంత? లారీలో తడిసరకుతోపాటు పోవునదెంత? ఈ మొత్తము ఏ కాలమున నదికి కొరత కలిగించునో తేల్చి, ఆ కాలమునకు, ఆ చోటికి సరిపడు నీటిని తాను కొనియో, నిలువచేసియో విడుదల చేయవలెను. ఈ యేర్పాటును నీటివ్యవహారముల న్యాయస్థానము పరీక్షించి ఆమోదించును. గుంత ఉన్నంతకాలము ఆవిరి యుండును గావున త్రవ్వకము ముగిసినను ఋణము ముగియదు. ఋణవిముక్తి కోరువాడు గుంతను మట్టితో పూడ్చవలెను. లేదా చుట్టును నీరు చొరని గోడ కట్టి భూగర్భజలమునుండి దానిని వేరుచేయవలెను. మాట తప్పినయెడల ఆ పని చేయించుటకు చాలునట్టి పూచీధనమును ముందే కట్టించుకొందురు. మన రేవులనుండి బయలుదేరిన లారీ వెనుక రోడ్డుపొడుగున కారుచుండు నీటిధారను మనమందరము చూచినదే. వారు దానికి సయితము లెక్క అడుగుచున్నారు. మనము చూచి ఊరకున్నాము.

అక్కడి చట్టమును మక్కికి మక్కి తెచ్చుకొమ్మని మేము చెప్పుట లేదు. అచ్చట నీటిహక్కు కొనుటకు అమ్ముటకు వీలైన ఆస్తి. మనకు నది ప్రజలందరి సొత్తు. ఈ భేదము మన వాదమునకు బలమునే యిచ్చుచున్నది. 1996లో సుప్రీముకోర్టు హిమాచలప్రదేశమున బియాస్ నది ఒడ్డున కట్టిన యొక విలాసగృహమునకు సంబంధించిన వ్యాజ్యమున నదులు మొదలగు ప్రకృతిసంపదలకు ప్రభుత్వము యజమాని కాదనియు, ప్రజల పక్షమున ధర్మకర్త మాత్రమే యనియు తీర్పు చెప్పినది. చెరచినవాడే చక్కచేయు ఖర్చు భరింపవలెనని కూడ అందు నిర్ణయించినది. ధర్మకర్త దేవాలయపు నగలను ఒకరికి అప్పగించునపుడు రసీదు పుచ్చుకొనునా, లేదా? ఏటినీటి విషయమున ఈ ధర్మకర్త ఆపాటి జాగ్రత్తయైన చూపవలదా?

కావున ఇసుకపట్టాల విషయమున మేము కోరునవి యివి.

మొదటిది, ప్రతి రేవునకును నీటిలెక్క. పట్టా ఈయక పూర్వమే ఆ చుట్టుపట్ల బావులలోను బోర్లలోను నీటిమట్టమును కొలిచి పంచాయతీ గోడమీద వ్రాయింపవలెను. వానలకు ముందొకసారి, వానల తరువాత నొకసారి కొలిచి తేడాను అచ్చటనే ప్రకటింపవలెను. కొలతకు గ్రామపు చదువరులను, పాఠశాల ఉపాధ్యాయులను సాక్షులుగా నుంచవలెను. కొలిచిన కాగితము కచ్చేరి బీరువాలో నుండిన లాభము లేదు.

రెండవది, బదులునీరు. ఎంత నిలువ పోవునో అంతకు తక్కువ కాని నిలువను అదే గ్రామపు ఎల్లలో, అదే యేటిపట్టున, వచ్చు వేసవికి ముందే పట్టాదారుడు కల్పింపవలెను. ఇందుకు సాధనములు లేకపోలేదు. ఇసుక మిగిలియున్న చోట ఏటిగర్భమున క్రిందిరాతివరకు బంకమట్టితోనో కాంక్రీటుతోనో అడ్డుగోడ కట్టి ఊటను నిలుపవచ్చును. ఇట్టి భూగర్భపు ఆనకట్టలు మన రాయలసీమ యేళ్లలోను అక్కడక్కడ కట్టియున్నవి. కెన్యాదేశమున కిటూయి ప్రాంతపు గ్రామస్థులు ఎండిన యేళ్లకు అడ్డముగా గోడలు కట్టి వాని వెనుక ఇసుకను చేర్చుకొని ఆ యిసుకలోని నీటితో వేసవి గడపుచున్నారు. మనము ఇసుకను అమ్ముకొనుచుండ వారు దానిని కూడబెట్టుకొనుచున్నారు. గొలుసుచెరువుల పంటకాలువలను బాగుచేయుట, ఊటకుంటలు త్రవ్వుట కూడ ఈ లెక్కలోనికి రావచ్చును. అయితే రాతినేలలో త్రవ్విన కుంటను ఏటియిసుకతో సమానముగా లెక్కింపరాదు. పైన చూపినట్లు ఆ నేల నిలువ మిక్కిలి తక్కువ. దిగువ గ్రామమునకు పోవలసిన నీటిని ఎగువన ఆపి, దానిని బదులునీరుగా చూపుటయు తగదు. అది ఇసుక తక్కెడ, పేడ తక్కెడ బేరమగును. పట్టణపు మురుగును గుంతలోనికి మళ్లించి నింపితిమనుట అంతకన్న ఘోరము. అది ఋణము తీర్చుట కాదు, బావులకు విషము పెట్టుట.

మూడవది, పూచీధనము. బదులునీరు కల్పించు ఖర్చునకు సరిపడు సొమ్మును పట్టాకు ముందే కట్టించుకొనవలెను. ఏరు దాటువరకు ఓడమల్లయ్య, దాటిన తరువాత బోడిమల్లయ్య యను సామెత గుత్తదారుల వాగ్దానములకు సరిగా సరిపోవును. ఆ సొమ్మును గ్రామసభ ఒప్పుకొనినగాని వాపసు ఈయరాదు. షెడ్యూలు ప్రాంతములలో చిన్నతరహా ఖనిజముల పట్టాకు గ్రామసభగాని తగిన పంచాయతీగాని ముందుగా సిఫారసు చేయవలెనని 1996 నాటి చట్టము విధించుచున్నది. రాజ్యాంగపు 11వ షెడ్యూలు త్రాగునీటిని, చిన్ననీటిపారుదలను పంచాయతీల విషయములుగా పేర్కొనుచున్నది. మన్యమున నున్నవారి మాటకు ఈయదగిన గౌరవమును మైదానపు గ్రామమునకు ఏల ఈయరాదు?

నాలుగవది, తీయరాని చోట తీయకుండుట. ఇసుక పొర పలుచనైన చోట, త్రాగునీటిబావులున్న చోట, ఊటకాలువల తలలయొద్ద ఎంత పూచీధనమైనను బదులు కాజాలదు. అచ్చట ఒక్కటే నియమము. ఏ నీటిని తిరిగి ఈయజాలమో దానిని తీయరాదు.

ఇందువలన ఇసుక ధర పెరుగునని, పేదవాని యింటికి భారమగునని కొందరు ఆక్షేపింతురు. కొంత పెరుగుట నిజమే. దానిని దాచవలసిన పని లేదు. కాని నేటి చౌకకు వెల ఎవరిత్తురో చూడుడు. పట్టణమున మేడ కట్టువానికి ఇసుక చౌకగా దొరకుటకై ఏటియొడ్డు రైతు బోరుమీద బోరు దింపి అప్పులపాలగుచున్నాడు. గ్రామపు స్త్రీ రెండు మైళ్లు నడచి బిందె తెచ్చుకొనుచున్నది. ఆ చౌక పేదలకు చేసిన ఉపకారము కాదు, పేదలనుండి తీసికొన్న చేబదులు. పేదవాని యింటికి సాయము చేయదలచిన ప్రభుత్వము ఖజానానుండి చేయవలెను గాని ప్రక్కయూరి బావినుండి చేయరాదు. ప్రభుత్వము తాను కట్టించు కచ్చేరులకును రోడ్లకును రాతిని పిండిచేసి తీసిన ఇసుకను వాడుట ఆరంభించినచో ఏటిమీది భారము ఎంతో తగ్గును. ఆ రాతిక్వారీలకును ఇదే నీటిలెక్క వర్తింపజేయవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

కూలివాండ్ర జీవనము పోవునను మాటయు వినుచున్నాము. ఏటిలో ఇసుక ఎత్తువాడు ఒకనాడు మనుష్యుడు. నేడు వాని చోట నిలిచినది ప్రొక్లెయినరు. పారతో ఎత్తు పదుగురు చేయు పనిని ఆ యంత్రము గడియలో చేయుచున్నది. కూలివానిమీద నిజముగా కరుణ గలవారు చేతిపనికే రేవులను తెరువుడు. అపుడు త్రవ్వు లోతు దానంతట అదే తగ్గును, కూలియు దక్కును.

ఇంతవరకు ప్రభుత్వమును, గుత్తదారులను గూర్చి చెప్పితిమి. ఈ పత్రికను పఠనమందిరమున కూర్చుండి చదువు మనలను గూర్చి చెప్పక ముగించుట న్యాయము కాదు. మనము కూర్చున్న భవనపు గోడలలోను, మన యిండ్ల కప్పులలోను ఏ యేటి యిసుక కలిసియున్నదో మనలో ఎందరికి తెలియును? ఆ యిసుక విడిచివచ్చిన గుంత ఎచ్చటనున్నదో మనము ఎన్నడైన చూచితిమా? గ్రామమునకు కలిగిన నీటియప్పులో మన వాటాయు నున్నది. ఇల్లు కట్టు ప్రతివాడును “ఈ యిసుక ఏ రేవుది? అక్కడి బావుల సంగతి యేమి?” అని అడుగుట ఆరంభింపవలెను. పట్టణపు న్యాయవాదసంఘములు రేవుపట్టాల నకళ్లు తీసికొని గ్రామస్థులకు తెలుగున చదివి వినిపింపవలెను. కళాశాల విద్యార్థులు సెలవులలో ఏటియొడ్డునకు పోయి తాడును రాయిని చేతబట్టి బావుల లోతు కొలువవలెను. ఇందుకు పెద్ద చదువును అక్కరలేదు, పెద్ద ధనమును అక్కరలేదు. స్వచ్ఛందసేవకుల పని ఉపన్యాసములతోనే ముగియదని మేమును ఆ గ్రామమున నేర్చుకొంటిమి.

ఆ గ్రామపు వ్యాజ్యము ఇంకను నడచుచున్నది. తీర్పు ఎట్లు వచ్చునో మేము చెప్పజాలము, చెప్పరాదు. కాని అచ్చటి యువకులు నేడు పదునేడు బావుల నీటిమట్టమును పదునైదు దినములకొకసారి కొలిచి ఒక పుస్తకమున వ్రాయుచున్నారు. ఆ ముసలి రైతు ప్రతిసారియు వారి వెంట వచ్చి, తనకు చదువు రాకున్నను అంకెలను చదివించుకొని వినిపోవుచున్నాడు. సర్కారు ఈయని రసీదును ఆ ప్రజలే వ్రాసికొనుచున్నారు. దానిమీద సంతకము చేసి, పోయిన నీటిని తిరిగి చెల్లింపజేయుట ఇక ప్రభుత్వపు వంతు. అది చేయించుట మన వంతు.